హీనా పెట్టుకున్న అర్జీ

నేను ఎన్నికల్లో నిలబడబోతున్నానన్న సంగతి నాకు పెరట్లో బొమ్మిడాయలు తోముతుండగా తెలిసింది. ఆ రోజు ఆదివారం. మైపాడు నుంచి వచ్చే చేపలామె పొద్దున్నే గంప దించి, కిలోన్నర తూచి ఇచ్చి పోయింది. బొమ్మిడాయల ఒంటి మీది జిగురు వదలాలంటే రాతి మీద వేసి రాళ్ళుప్పుతో పట్టిపట్టి రుద్దాలి. నేను ఆ పనిలో ఉండగా ముందుగదిలోంచి గంగులయ్య గొంతు వినిపించింది. ఆయన మా పక్క వీధిలోనే ఉంటాడు, పార్టీ తరఫున మా డివిజన్ వ్యవహారాలు చూస్తాడు.

"వదిననే నిలబెట్టేద్దాం దరియావలన్నా. ఆమె మొహం తెలియనోళ్ళు ఈ చుట్టుపక్కల ఎవురుండారు? ఈసారి మన డివిజన్ ఆడోళ్ళకి వచ్చింది. ఇంతకంటే మంచి పేరు మనకు దొరకదు. గెలిచినాక పనులన్నీ ఎట్టాగూ నువ్వే చూసుకుంటావు గదా."

"అంతే గదా," అన్నాడు మా ఆయన. ఆ మాటలో సంతోషం నాకు పెరట్లోకి తెలిసింది. "ఆమెకియ్యన్నీ ఏం తెలుస్తాయిలే. రాసిస్తే చదువుద్ది."

చేతిలో చేప జారి తొట్టిలో పడింది. తీసి మళ్ళీ రుద్దాను. కోపం వచ్చిందా అంటే, వెంటనే రాలేదు. మొదట నవ్వొచ్చింది. పద్నాలుగేళ్ళు నెల్లూరంతటికీ సాయంత్రం ఏడు గంటలకు వార్తలు చెప్పినదాన్ని. నా వార్త మాత్రం నాకు గోడ అవతలి నుంచి అందింది.

కోటమిట్టలో మాది పరుపుల అంగడి. మా మామగారి కాలంలో విల్లుతో దూది ఏకేవాళ్ళు, ఇప్పుడు మిషనుంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన మూడో ఏడు, ఊళ్ళో కొత్తగా మొదలైన కేబుల్ ఛానెల్‌కి తెలుగు తప్పుల్లేకుండా చదివే అమ్మాయి కావాలని తెలిసింది. నేను డిగ్రీలో తెలుగు చదివాను. మా ఆయన కాదనలేదు. "గంట పనే కదా, పోయిరా. వంట చేసి పో," అన్నాడు. ఆ నియామక పత్రంలో నాకు గుర్తున్న షరతు అదొక్కటే. మధ్యాహ్నం మూడింటికల్లా రాత్రి కూర పొయ్యి దించి, చపాతీ పిండి కలిపి మూతపెట్టి, మా అమ్మాయి షమా చిన్నప్పుడైతే దాన్ని ఎత్తుకొచ్చి మా అత్తమ్మ ఒళ్ళో వేసి, ఆటో ఎక్కేదాన్ని. కెమెరాకు నేను నడుము దాకానే కనిపిస్తాను. పైన ఇస్త్రీ చేసిన కొంగు, బల్ల కింద హవాయి చెప్పులు. సముద్రంలో అల్పపీడనం పడితే "మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు" అని గంభీరంగా చదువుతూ, పొయ్యి కింద సిలిండర్ కట్టేశానా లేదా అని ఆలోచించిన రోజులు ఎన్నో. మా అత్తమ్మ బడేబీ ఒకసారి అంది: "తెర మీద అంతసేపు నవ్వతా ఉంటావే. ఇంటికొచ్చేటప్పుడు దాంట్లో కాస్త మిగుల్చుకొని రారాదా?" ఆమె ఎగతాళికి అన్నదో, నిజంగానే అడిగిందో నాకు చాలాకాలం తెలియలేదు.

ఛానెల్లో వార్తలు చదవడమే కాదు, సగం వార్తలు రాసేదాన్ని కూడా. నా తర్వాత ఆరేళ్ళకు పెంచల్ అనే కుర్రాడు చేరాడు. అతనికి ఒత్తులు పలకడం నేర్పింది నేను. అతను వార్తల ఇంచార్జి అయ్యాడు. "అమ్మా, నీకు ఇల్లుంది, పిల్ల ఉంది. ఇంచార్జి అంటే ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలి," అన్నారు మేనేజర్ పద్మనాభయ్య గారు. పెంచల్‌కీ ఇల్లుంది, ఇద్దరు పిల్లలున్నారు. ఆ మాట అప్పుడు నా నోటికి రాలేదు. ఇంటికి వచ్చి గిన్నెలు తోముతుంటే వచ్చింది.

రెండేళ్ళ కిందట కార్తీకంలో వాయుగుండం పట్టి మూడు రోజులు ఒకటే వాన. మూడో రోజు సాయంత్రం పెద్ద మురుగుకాలువ పొంగి లోతట్టు వీధుల్లోకి నీళ్ళు వచ్చాయి. నేను స్టూడియోకి చేరేసరికి ఫోను ఆగకుండా మోగుతోంది. ఎత్తేవాళ్ళు లేక నేనే ఎత్తాను. ఒకామె తన పేరు కరుణాకుమారి అని, అంగన్‌వాడీలో పనిచేస్తానని చెప్పింది. "అక్కా, మంచం కోళ్ళు మునిగినాయి. మా వీధిలో ముగ్గురు బాలింతలుండారు. యాడికి పోవాల్నో ఎవురూ చెప్పడంలా." అట్లాంటివి నాలుగు ఫోన్లు వచ్చాయి. నాకు తెలిసినవాళ్ళకు నేను ఫోన్లు చేశాను. ఉన్నత పాఠశాల మేడ మీది గదులు తెరిచారని, మసీదు హాల్లో పడకలు వేశారని, చర్చిలో అన్నం వండుతున్నారని తెలిసింది. ఏడింటికి నా ముందు పెట్టిన కాగితంలో, అధికారులు అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారనీ ప్రజలు ఆందోళన చెందనవసరం లేదనీ ఉంది. మొదటి వాక్యం చదివాను. రెండో వాక్యం దగ్గర ఆగి, కాగితం పక్కన పెట్టి, ఏ వీధివాళ్ళు ఎటు వెళ్ళాలో, ఏ దారిలో నడుము లోతు నీళ్ళున్నాయో, ఎవరికి ఫోన్ చేయాలో చెప్పాను. పదకొండు నిమిషాలు. కెమెరా వెనక పెంచల్ రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు పద్మనాభయ్య గారు నన్ను పిలిచి కూర్చోమన్నారు. "నువ్వు చెప్పింది తప్పని నేననడం లేదమ్మా. నీకు రాసిచ్చింది కాదంటున్నా." వారం తిరిగేసరికి నన్ను మధ్యాహ్నం వంటల కార్యక్రమానికి మార్చారు. ఇంట్లో చెబితే మా ఆయన, "మంచిదే అయింది. అది నీకు తెలిసిన పనే గదా," అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా పనిని అంత తేలిగ్గా తీసి ఒక గూట్లోంచి ఇంకో గూట్లో పెట్టగలడని మాత్రం ఆ రోజు తెలిసింది. ఆ రెండేళ్ళూ తెర మీద గుత్తొంకాయలు వేయించాను. కానీ బజారుకు పోతే ఎవరో ఒకరు ఆపి, "అక్కా, ఆ వాన రోజు నువ్వు చెప్పబట్టి మా పిల్లోళ్ళను స్కూలుకు చేర్చుకున్నాం," అనేవాళ్ళు. గంగులయ్య మా ఇంటి మెట్లెక్కింది ఆ మాటలు విని.

చేతులు కడుక్కొని టీ పెట్టి తీసుకెళ్ళాను. గ్లాసులు అందించాక లోపలికి పోకుండా కుర్చీ లాక్కొని కూర్చున్నాను. మా ఆయన నన్ను వింతగా చూశాడు.

"నిలబడేది ఎవరు అన్నా?" అని గంగులయ్యను అడిగాను.

"నువ్వే వదినా. ఇంకెవురు?"

"అయితే నన్ను అడగలేదే."

ఆయన మా ఆయన వైపు చూసి నవ్వాడు. "అన్ననడిగితే నిన్ను అడిగినట్టు కాదా వదినా?"

"కాదన్నా," అన్నాను. "రేపు పదింటికి నాకు ఫోన్ చేయండి. ఆలోచించుకొని చెప్తా."

గంగులయ్య వెళ్ళాక మా ఆయన మధ్యాహ్నం దాకా ముందుగదిలోనే కూర్చున్నాడు. అన్నానికి కూర్చొని, పులుసు రెండోసారి వడ్డించుకొని, బాగుందని మాత్రం అనలేదు. "నలుగురి ముందర నా పరువు తీసినావు," అన్నాడు చివరికి.

"నేను నన్ను అడగమన్నాను. అందులో మీ పరువు ఎట్లా పోయింది?"

"నేనేమన్నా నీకు చెడు చేస్తానా హీనా? నువ్వు కార్పొరేటర్ అయితే నాకు మాత్రం గొప్ప కాదా?"

గొప్పే. ఆయన కళ్ళల్లో ఆ గొప్ప అప్పటికే కనిపిస్తోంది. వార్డు జనం అంగడికి వచ్చి 'అన్నా' అని నిలబడటం, ఆఫీసర్లతో ఫోన్లో మాట్లాడటం, ఇవన్నీ ఆయన ఆ రెండు గంటల్లో ఊహించుకున్నట్టున్నాడు. పాపం అనిపించింది. పాపం అనిపించినంత మాత్రాన ఒప్పుకోవాలని అనిపించలేదు. ఈ రెండూ వేరువేరు సంగతులని తెలుసుకోవడానికి నాకు నలభై ఒక్కేళ్ళు పట్టింది.

మర్నాడు పొద్దున మా అత్తమ్మ వసారాలో కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేనూ ఒక చేట పట్టుకొని ఎదురుగా కూర్చున్నాను. ఆమె తలెత్తకుండానే అడిగింది.

"ఏం చెప్పబోతుండావు ఆ గంగులయ్యకి?"

"మీరేమంటారు అత్తమ్మా?"

ఆమె తన కుడిచేతి బొటనవేలు నా ముందుకు చాపింది. గోరు పక్కన చర్మం కాయకాచి, గచ్చకాయలాగా ఉంటుంది. ఆ వేలిని నేను పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, ఎందుకట్లా అయిందని ఎప్పుడూ అడగలేదు.

"ఇది దబ్బనం నెట్టీ నెట్టీ అయింది. మీ మామ దూది ఏకేవోడు. నింపి కుట్టింది నేను. నలభై ఏండ్లు. నెల్లూర్లో పెండ్లి జరిగితే మీ మామ పేరు చెప్పి, మస్తాను చేతి పరుపు కావాలనేవోళ్ళు. నేను తలుపు చాటునుండి వినేదాన్ని. ఒక్కరోజన్నా ఆ మనిషి, ఇది మా బడేబీ కుట్టింది అని చెప్పలా. చెడ్డోడు కాదు. తోచలేదంతే."

కాసేపు బియ్యం చెరిగింది.

"నిలబడితే నువ్వు నిలబడు. నీ పేరు పెట్టుకొని వాళ్ళు నిలబడతామంటే మాత్రం వద్దని చెప్పు."

ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. ఆమె ఆ చెయ్యిని కాసేపు ఉండనిచ్చి, "అది సరే, మధ్యానం అన్నం ఎవురు వండాలంట?" అంది.

"ముగ్గురున్నారు కదా అత్తమ్మా. నేను కాకుండా."

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తాను, షమా, దరియావలి. మూడో వేలు దగ్గర ఆగి, ఆ వేలినే చూస్తూ చాలాసేపు నవ్వింది.

పదింటికి గంగులయ్య ఫోన్ చేశాడు. నిలబడతానని చెప్పాను. ఎక్కడైనా నేనే మాట్లాడతాను, నా మాటలు నేనే రాసుకుంటాను, గెలిస్తే పని నేనే చేస్తాను అని కూడా చెప్పాను. ఆయన "పైన అడగాల వదినా" అని పెట్టేశాడు. నాలుగు రోజులు మాటా పలుకూ లేదు. మా ఆయన ఆ నాలుగు రోజులూ, చేజేతులా పోగొట్టుకున్నావన్నట్టు తిరిగాడు. అయిదో రోజు కబురొచ్చింది. నన్ను మించిన పేరు వాళ్ళకు దొరకలేదు. ఆ రోజే ఛానెల్‌కి వెళ్ళి రాజీనామా ఇచ్చాను. పద్మనాభయ్య గారు కాగితం రెండుసార్లు చదివి, "ఆ రోజు నిన్ను మార్చమన్నది నేను కాదమ్మా," అన్నారు. "తెలుసండీ," అన్నాను. నిజానికి తెలియదు. ఆయన వయసుకు ఆ మాట అవసరమనిపించింది.

నామినేషన్‌కి మా ఆయనే స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. బల్ల దగ్గరి గుమాస్తా తల ఎత్తకుండా "అభ్యర్థి ముందుకు రండి" అంటే, అలవాటుగా ఆయనే రెండడుగులు వేశాడు. తర్వాత గుర్తొచ్చి పక్కకు తప్పుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను చూడనట్టే సంతకం పెట్టాను.

కరపత్రాలు అచ్చయి వచ్చాయి. వాటి మీద నా ఫోటో కంటే ఆయన ఫోటో పెద్దది. నా పేరు కింద 'దరియావలి సతీమణి' అని ఉంది, ఆ కింద ఆయన ఫోన్ నంబరు. ప్రెస్సువాళ్ళు అట్లాగే వేస్తారన్నాడు గంగులయ్య. మళ్ళీ అచ్చు వేయించే సమయం లేదు. పోనీలే అనుకొని, కరపత్రం చేతిలో పెట్టి, నా నంబరు నోటితో చెప్పేదాన్ని. నంబరు చదివే పద్ధతి నాకు తెలుసు. రెండుసార్లు చదవాలి, రెండోసారి నెమ్మదిగా. గడప గడపకూ అదే పని. ఆడవాళ్ళు గోడ మీద బొగ్గుతోనో, గ్యాస్ పుస్తకం వెనకనో రాసుకునేవాళ్ళు. కరుణాకుమారి అప్పటికి అంగన్‌వాడీ మానేసి కుట్టుమిషను పెట్టుకుంది. ఒకరోజు తనంతట తానే వచ్చి నాతో నడిచింది. "టీవీలో కంటే పొట్టిగా ఉండావే అక్కా," అంది మొదటి మాటగా.

"బల్ల వెనకాల ఎవరైనా పొడుగే కరుణా," అన్నాను. ఇద్దరం నడిరోడ్డు మీద నిలబడి నవ్వుకున్నాం.

ఆ మూడు వారాల్లో నేను మా ఊరిని చూశాను. వార్తల్లో పేర్లుగా చదివిన వీధులకు వాసనలున్నాయి, మెట్లున్నాయి. రోజూ సాయంత్రానికి పాదాలు వాచేవి. ఇంటికి వస్తే షమా వేడినీళ్ళ బకెట్ పెట్టేది. అన్నం ఒకరోజు మాడింది, ఒకరోజు పలుకైంది, ఒకరోజు మా ఆయన చేసిన టమాటా పప్పులో ఉప్పు లేదు. ఎవరూ చచ్చిపోలేదు. ఇన్నేళ్ళూ నేను లేకపోతే ఈ ఇల్లు ఏమైపోతుందోనని భయపడ్డాను. ఏమీ కాలేదు. దానికి కాస్త బాధేసింది కూడా, అబద్ధమెందుకు.

మూడువందల పన్నెండు ఓట్లతో గెలిచాను. మా అత్తమ్మ వీధిలో అందరికీ తన చేత్తో చక్కెర పంచింది.

ప్రమాణస్వీకారం అయిన మర్నాడు, పాత వాటర్ ట్యాంకు పక్కన డివిజన్ ఆఫీసు గది తెరిచారు. ఒక టేబులు, ఒక తిరిగే కుర్చీ, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. నేను కార్పొరేషన్ ఆఫీసులో కాగితాలు తీసుకొని వచ్చేసరికి పదకొండయింది. గది బయట పదిహేను మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. గుమ్మంలోంచి చూశాను. తిరిగే కుర్చీలో మా ఆయన కూర్చొని ఉన్నాడు. తెల్ల చొక్కా, జేబులో కొత్త పెన్ను. ఒకాయన అర్జీ ఆయన చేతికిచ్చి, "మీరే చూడాలన్నా," అంటున్నాడు. మా ఆయన తల ఊపి దాన్ని పేపర్‌వెయిట్ కింద పెట్టాడు.

గుమ్మంలో నిలబడ్డ నా లోపల పాత హీనా ఒకతె గబగబా మాట్లాడింది. పోనీలే, ఈ ఒక్కరోజుకీ ఊరుకో, ఇంటికి పోయాక చెబుదువు, నలుగురిలో వద్దు, ఆయన మొహం చిన్నబోతుంది. ఆమె మాట నేను పంతొమ్మిదేళ్ళు విన్నాను. ఇంచార్జి ఉద్యోగం పెంచల్‌కి పోయినప్పుడు ఆమె మాటే విన్నాను, వంటల కార్యక్రమానికి మార్చినప్పుడూ విన్నాను. ఇంటికి పోయాక చెప్పినవేవీ చెప్పినట్టు కావని అనుభవం మీద తెలిసింది. అరవాలని కూడా లేదు. అరిస్తే జనం దాన్నే చెప్పుకుంటారు తప్ప అసలు సంగతి చెప్పుకోరు.

వరసలో చివర ఉన్నామె పక్కన నిలబడ్డాను. ఆమె కంగారుగా, "ముందుకు పో మేడమ్," అంది. "పర్లేదు, నా వంతు రానీ," అన్నాను. వరస కదిలింది. ఒకరు పింఛను, ఒకరు వీధి దీపం. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నన్ను చూసి, గుసగుసలాడి, తర్వాత ఊరుకున్నారు. మా ఆయన ఫోను చూసుకుంటూ, "ఆ, తర్వాత?" అన్నాడు. నా వంతు వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

ఆయన తలెత్తాడు.

"అయ్యా, నాదొక అర్జీ ఉంది," అన్నాను, వార్తలు చదివినంత నిదానంగా. "ఈ డివిజన్‌కి ఒక కార్పొరేటర్ గెలిచింది. ఆమెకు కూర్చోవడానికి కుర్చీ లేదు. దయచేసి ఇప్పించండి."

బయట కిటికీ దగ్గర నిలబడ్డ కరుణాకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం వెతికినట్టున్నాడు. లేదు అక్కడ. నేను నిజంగానే అడుగుతున్నాను. తర్వాత ఆయన పెదవి ఒక పక్కకు వంగింది. పెళ్ళైన కొత్తలో నాకు నచ్చిన నవ్వు అది.

"మంజూరు చేసినాం," అన్నాడు.

లేచాడు. కుర్చీని నావైపు తిప్పి పెట్టాడు. అంతవరకూ తీసుకున్న అర్జీలన్నీ పేపర్‌వెయిట్ కిందనుంచి తీసి, అంచులు సరిచేసి నా ముందుంచాడు. జేబులోని పెన్ను తీయబోయి, నా చేతిసంచిలో పెన్ను కనిపించి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. "అంగడికి పోతుండా. మధ్యానం మిషన్ రిపేరుకు మనిషొస్తాడు," అని అందరికీ వినపడేట్టు చెప్పి బయటికి నడిచాడు.

మెట్ల దగ్గర కర్ర పట్టుకున్న ఒక ముసలాయన ఆయన్ని ఆపాడు. "ఏం దరియావలీ, పోతుండావే? మా వీధి కాలువ సంగతి నీకు చెబుదామని వచ్చినా."

"నాకెందుకు చెప్తావు పెదనాయనా," అన్నాడు మా ఆయన. "మేడమ్ గారు లోపలే ఉన్నారు. పోయి కూర్చో. వింటారు."

ఉన్నారు. వింటారు. ఆయన నోట నా గురించి 'ఉంది, వింటుంది' తప్ప ఇంకో మాట నేను ఇన్నేళ్ళలో వినలేదు. తల వంచుకొని కాగితాలు సర్దుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు అందరికీ చూపించే పనిలేదనిపించింది. ముసలాయన కర్ర ఊతంతో నెమ్మదిగా వచ్చి నా ఎదుట నిలబడి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చుట్టూ చూశాడు.

"కూర్చోండి పెదనాయనా," అన్నాను. "మొదటినుంచీ చెప్పండి. నాకు తొందరేమీ లేదు."